మైపాటి తీరమునుండి కువైటునకు

నెల్లూరిలో మైపాడు గేటు దాటి తూర్పుగా సుమారు 25 కిలోమీటర్లు పోయిన సముద్రము కనుపట్టును. మేమిటీవల నా దారిని బోయితిమి. మొదట వరిచేలు, పిదప రొయ్యల గుంటలు, వానిలో నురుగులు చిమ్ముచు దిరుగు చక్రములు, అటుపిమ్మట బకింగుహాము కాలువ. ఒకనాడీ కాలువలో సరకుల పడవలు చెన్నపట్టణమునకు బోయెడివి. ఆ పడవలు నేడు లేవు. జనులు మాత్రము పోవుచునే యున్నారు. చెన్నపట్టణమునకు గాదు, అచ్చట విమానమెక్కి కువైటునకు.

వారిలో స్త్రీలును పెక్కుమంది యనుట మన సోదరీమణులలో గొందఱకు వింతగా దోచవచ్చును. ఒక వీధిలో క్రొత్త డాబాయిల్లు జూచి యెవరిదని యడుగగా, వాకిట గూర్చున్న ముసలమ్మ "కువైటు సొమ్మమ్మా" అని మాత్రము చెప్పెను. కోడలు అరబ్బుల యింట పనికి బోయి నాలుగేండ్లయినదట. అవ్వ చెంగు వదలని మనుమరాలిని మీ యమ్మ యేదియని యడిగితిమి. "ఫోనులో ఉంది" అనెను.

రెండేండ్లు పనిచేసి తిరిగివచ్చిన యొక యిల్లాలు ఆ ప్రక్కనే యుండెను. ఇంట వంట చేసినదానికి అచ్చటి పని యెంతయని యామె తలచినదట. బియ్యము మనదే, వండు తీరు వేఱు. యజమానిని బాబా యనియు, యజమానురాలిని మామా యనియు బిలువవలెను. రంజాను మాసమున వంటయిల్లు తెల్లవాఱువఱకు నారదు. అన్నిటికంటె గష్టము భాష. "ఆరు నెలలు మూగదాని మాదిరి ఉన్నానక్కా. వాళ్ల పాప దగ్గరే నేను మాటలు నేర్చుకున్నా. మా పాప ఎవురి దగ్గర నేర్చుకుందో!" అని నవ్వెను. మాకు నవ్వు రాలేదు.

మొహర్రము మాసమున నెల్లూరి స్వర్ణాల చెఱువుకడ, బారాషహీదు దర్గా చెంత రొట్టెల పండుగ జరుగును. కోర్కె తీఱినవారు రొట్టె తెచ్చి, అదే కోర్కె గలవారికి నీటిలో నిలిచి యిచ్చుట యాచారము. చదువునకు, పెండ్లికి, సంతానమునకు వేర్వేఱు రొట్టెలు. ఇప్పుడు విదేశయానపు రొట్టెయు వానిలో జేరినది. దానికై చేయి చాచువారిలో నెందఱు ఒప్పందపు కాగితము చదివించుకొందురో!

పదవ తరగతి తేఱని స్త్రీ గల్ఫు దేశములకు ఇంటిపనికి బోవలెనన్న 30 ఏండ్లు నిండవలెను. 2016 నుండి ప్రభుత్వము గుర్తించిన ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవలెనని నిబంధన. దీనిని దప్పించుటకే కొందఱు దళారులు చూచివచ్చు వీసాపై నంపుదురు. అట్లు పోయినవారికి అచ్చట చట్టపు రక్షణ సన్నగిల్లును. కువైటు ప్రభుత్వము 2015లో నింటి పనివారికై చట్టము చేసినది: దినమునకు 12 గంటలకు మించని పని, వారమునకొక సెలవు, యేటికొక నెల సెలవు. అయినను నాలుగు గోడల నడుమ గంటలు లెక్కించువా రెవరు?

1990 ఆగస్టు 2న ఇరాకు సేనలు కువైటును ఆక్రమించినపుడు, మన ప్రభుత్వము సుమారు 1,70,000 మందిని విమానములలో స్వదేశమునకు జేర్చెను. కట్టుబట్టలతో వచ్చినవారెందఱో. యుద్ధము ముగిసిన వెనుక ప్రయాణములు మరల మొదలయ్యెను. అప్పు యుద్ధమున కాగునా?

ఆ యిల్లాలును మరల బోవనున్నది. రొయ్యల గుంటలో బోయిన సొమ్మునకు వడ్డీ పెరుగుచున్నదట. పాస్‌పోర్టు నకళ్లు మూడు తీయించి, యొకటి యత్తగారి పెట్టెలో నుంచినది. "ఈ తూరి శుక్రవారం సెలవు కాగితంలో రాయించుకోకుండా కదల్నక్కా" అని చెప్పి, పాపకు జడ వేయుటకు లోనికి బోయెను.