అనాథ తాళాలు

హైదరాబాదులో కోఠి నుండి నాంపల్లికి నడచిపోయేటప్పుడు, దారి ప్రక్కన ఇనుప కమ్ములకు వ్రేలాడే తుప్పుపట్టిన సైకిలు తాళాలు మాకు అప్పుడప్పుడు కనిపిస్తాయి. సైకిలు ఉండదు, తాళం మాత్రం వేసినది వేసినట్లే ఉంటుంది.

వెనుక చక్రానికి బిగించిన తాళం చక్రాన్ని తిరగనీయదు గాని, సైకిలును భుజానికెత్తుకొని పోయేవానిని ఆపలేదు. అందుకే గొలుసు తాళంతో కమ్మికి కట్టడం. దొంగ తాళం జోలికి పోడు, గొలుసును కత్తిరిస్తాడు. తన చెవికై ఎదురుచూస్తూ తాళం అక్కడే మిగిలిపోతుంది.

ఒకప్పుడు వీటిని చూచి మేము నవ్వుకొనేవారము. ఒకనాడు తరగతికి ఆలస్యంగా వచ్చిన కుర్రవానిని పదిమందిలో మందలించాము. అతడు తలవంచుకున్నాడే గాని బదులు పలుకలేదు. సైకిలు పోయినందున అతడు రోజూ 6 కిలోమీటర్లు నడచి వస్తున్నాడని వారం దినాల తరువాత అతని స్నేహితుడు చెప్పాడు. తాళంచెవి ఇంకా జేబులోనే ఉన్నదట!

మరునాడు అదే తరగతిలో, ఆ పదిమంది ఎదుటనే, పొరపాటు మాదని ఒప్పుకున్నాము. "పర్వాలేదు సార్" అన్నాడు. కాని మాకు ఆ మాట చాలలేదు. నాటినుండి కారణమడుగక ఎవరినీ మందలించలేదు. వీధిలో అనాథ తాళం కనిపించినప్పుడల్లా, దాని చెవి ఎవరి జేబులో ఉన్నదో, అతడు ఎంత దూరం నడుస్తున్నాడో అనుకుంటాము.