పిల్లల మందుల సంచిలో ఒక చీటీ

కువైట్‌లో బడులకు వేసవి సెలవులిస్తే రాయచోటి, కలకడ, పీలేరు వైపు కుటుంబాలు ఊరి ప్రయాణం కడతాయి. అవ్వకు చీర, తాతకు సెంటు, బంధువుల పిల్లలకు చాక్లెట్లు అంటూ పెట్టెలు నింపుతాం. నేను మాత్రం ముందు పిల్లల మందుల సంచి సర్దుతాను. బెంగళూరులో దిగి, మదనపల్లె మీదుగా కలకడ చేరేసరికి పిల్లలకు నీళ్లు మారతాయి, తిండి మారుతుంది, నిద్ర చెడుతుంది. అర్ధరాత్రి ఒళ్లు కాలితే ఏ మందుల షాపు తలుపు తట్టాలి?

కావలసినవి కొన్నే: థర్మామీటరు, పారాసిటమాల్, ఓఆర్ఎస్ పొట్లాలు, గాయాలకు ఆయింట్‌మెంటు, బ్యాండేజీ, దోమల క్రీము, పిల్లలు రోజూ వాడే మందులు. అన్నీ చేతిసంచిలోనే ఉండాలి.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఒక చీటీ. జ్వరానికి వాడే పారాసిటమాల్ సిరప్‌లన్నీ ఒకటి కావు. 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాముల మందు ఉన్నవీ, 250 ఉన్నవీ దొరుకుతాయి. చంటిబిడ్డల చుక్కల మందులో అయితే ఒక్క మిల్లీలీటరులోనే సాధారణంగా 100 ఉంటుంది. మోతాదు బిడ్డ బరువును బట్టి, కిలోకు 15 మిల్లీగ్రాములు మించకూడదు. 12 కిలోల బిడ్డకు మొదటి రకం 7.5 మిల్లీలీటర్లయితే, రెండోది 3.6 చాలు. 'ఒక చెంచా పట్టు' అంటే కుదరదు. అందుకే బిడ్డ బరువు, సీసా పేరు, ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని గంటలకు అన్నవి డాక్టరుతో ఖరారు చేసుకుని, తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి సంచిలో పెడతాను. మేం బయటికి వెళ్లినా ఇంట్లో ఉన్నవాళ్లు చదివి మందు పట్టగలగాలి.

భేదులైతే ఓఆర్ఎస్ పొడిని పొట్లం మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. చక్కెర ఎక్కువున్న డబ్బా పానీయాలు దానికి బదులు కావు. వాటికి ఓఆర్ఎస్ పేరు పెట్టడంపై హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. ఆ నెలలోనే, మధ్యప్రదేశ్‌లో కల్తీ దగ్గు మందుతో పిల్లలు చనిపోయాక, రెండేళ్లలోపు వారికి దగ్గు, జలుబు సిరప్‌లు రాయొద్దనీ, ఐదేళ్లలోపు వారికి సాధారణంగా వద్దనీ కేంద్రం చెప్పింది. నా సంచిలో దగ్గు మందు ఉండదు.

తిరుగు ప్రయాణంలోనూ కాగితమే రక్ష. ట్రమడాల్, కోడీన్ కలిసిన మందులు, నిద్రమాత్రలు గల్ఫ్‌లో కఠిన నియంత్రణలో ఉంటాయి. డాక్టరు చీటీ లేకుండా పట్టుబడితే జైలుకు వెళ్లాల్సి రావచ్చు. ఎవరో ఇచ్చిన మందుల పొట్లం, ఎంత దగ్గరివారిదైనా, విప్పి చూడకుండా తేవద్దు.

టికెట్టు తీసుకున్న రోజే బిడ్డ బరువు తూయండి. మీ డాక్టరుతో మోతాదు రాయించుకోండి. ఆ కాగితం లేని మందుల సంచి సగం సంచే.