మరిపెడ దారిలో మూగజీవుల జాడలు

వరంగల్ నుండి ఖమ్మం వెళ్ళే రహదారిపై వర్ధన్నపేట, తొర్రూరు దాటిన పిదప మరిపెడ వస్తుంది. ఈ ప్రాంతీయులు దానిని మరిపెడ బంగ్లా అని పిలుస్తారు. చుట్టూ వరి, పత్తి, మిరప చేలు. వాటి నడుమ లంబాడీ తండాలు. మేము ఈ దారిన వెళ్ళినప్పుడు చేలలో ట్రాక్టర్లే కనిపించాయి. కాడెడ్లు అరుదయ్యాయి. ఒక గొర్రెల మంద మాత్రం వాహనాలను నిలిపివేసి తాపీగా రోడ్డు దాటింది. ఈ నేలపై మానవ సమాజం ఎవరి బలంతో నిలదొక్కుకున్నదో ఆలోచించవలసి ఉన్నది.

పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో ఒక బూడిద దిబ్బ ఉన్నది. 1957లో ఎఫ్.ఆర్. ఆల్చిన్ అనే పురావస్తు పండితుడు దానిని తవ్వించగా, అది సుమారు నాలుగు వేల ఏళ్ల నాటి పశువుల దొడ్డి అని తేలింది. దుంగల కంచె లోపల పేరుకున్న పేడ పలుమార్లు కాలి బూడిద పొరలైంది. ఆ పొరలలో పశువుల గిట్టల గుర్తులు సైతం నిలిచిపోయాయి. అప్పటికి ఇక్కడ రాజు లేడు, నాణెం లేదు. మందయే సంపద.

అనంతరం ఇనుము వచ్చింది. ఎద్దు దున్నిన నేలలో తిండికి మించిన ధాన్యం పండింది. దానిని పెరికెడ్లు దూర ప్రాంతాలకు మోశాయి. మిగులు ధాన్యం నుండే పన్ను, పన్ను నుండే రాజ్యం. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో తొలి శాతవాహనుల నాణేలు దొరికాయి. ఆ వంశపు నాణేలపై ఏనుగు, గుర్రం, సింహం బొమ్మలున్నాయి. మహారాష్ట్రలోని నానేఘాట్ కనుమలో ఉన్న వారి శాసనం, యజ్ఞాలలో దానమిచ్చిన వేలాది ఆవులను, గుర్రాలను, ఏనుగులను లెక్కించింది. ఆ మందలను మేపిన కాపరుల ప్రస్తావన అందులో లేదు.

ఈ తండాల వారి పూర్వీకులు కూడా ఎడ్ల బిడారులతో ధాన్యం, ఉప్పు మోసినవారే. మొగలు సైన్యాలకు తిండిగింజలు చేరవేసినవారే.

దివ్య ఖుర్ఆన్‌లోని అన్‌నహ్ల్ సూరా పశువులను అల్లాహ్ అనుగ్రహాలుగా పేర్కొన్నది: వాటి నుండి వెచ్చదనం, ఆహారం, బరువులు మోసే బలం మనకు లభిస్తున్నాయి. అనుగ్రహానికి బాధ్యత తోడుంటుంది. మూగజీవుల విషయంలో దైవభీతి కలిగి ఉండమని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హెచ్చరించారు.

పాఠక సోదర సోదరీమణులారా! నేడు పశువుల మేత బీళ్ళు తరిగిపోతున్నాయి. ఎండాకాలంలో ఏ కాపరి మందయినా మీ ఊరి మీదుగా సాగితే ఒక తొట్టి నిండా నీళ్ళు పోయించండి. ఆ పనిని మీ పిల్లల చేత చేయించండి.