సీటొచ్చింది సరే...

మన ఇళ్ళల్లో ఇంజనీరింగు సీటు పిల్లలకి రాదండీ, ఇంటిల్లిపాదికీ వస్తుంది! మా అమ్మాయి ఇంటర్ చదివిన రెండేళ్ళూ మా టీవీ మూగనోము పట్టింది. చుట్టాలు రావడం మానేశారు. బాత్‌రూం తలుపుమీద కూడా సూత్రాలే!

2018లో ఎంసెట్ రాసింది. ఇప్పుడు దాన్నే ఈఏపీసెట్ అంటున్నారు. మూడు గంటలు, 160 ప్రశ్నలు. తప్పుకి మార్కులు కొయ్యరు కనుక, తెలియనివాటికి దేవుడే దిక్కు. మంచి ర్యాంకే వచ్చింది. వీధంతా లడ్డూలు పంచాం.

అసలు కథ ఆ తర్వాతే. మొదటి సెమిస్టరులోనే 'ఎం-వన్' పోయింది. అంటే లెక్కల పేపరన్నమాట. ఎంసెట్‌లో లెక్కలే దాన్ని గట్టెక్కించాయి మరి! వాళ్ళ నాన్నగారు తెల్లబోయారు.

"నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచడమేగా నాన్నా, నాకు నేర్పారు! ఇక్కడ మొదట్నుంచి చివరిదాకా నేనే రాయాలి" అంది, కంచంలో అన్నం కెలుకుతూ.

నిజమే కదూ? రెండేళ్ళు గడియారంతో పందెం వేయించి, ఇప్పుడు నిదానంగా ఆలోచించమంటే ఎలా? ఆపైన నూటికి 75 హాజరు, తెల్లారేదాకా డ్రాయింగు షీట్లు, రికార్డులు.

సీనియర్ల నోట్సు, పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుంది. రోజూ రెండు లెక్కలు, పుస్తకం మూసి పూర్తిగా రాసేది. సప్లిమెంటరీలో గట్టెక్కింది.

దాని హాస్టలు స్నేహితురాలికి మూడు పేపర్లు పోతే ఏడాదిపాటు ఇంట్లో చెప్పనేలేదట! అది విన్నాక నా గుండె జారిపోయింది. అందుకే చెబుతున్నాను. పిల్లలు ఫోను చేస్తే ముందు "భోంచేశావా?" అనండి. మార్కుల సంగతి వాళ్ళే చెబుతారు.