బిడ్డ వెన్ను

“మీ బిడ్డకు వెన్నుల ఆపరేషన్ అయిందట గదా, నడుస్తున్నదా?” షార్జాలో మా వైపు వాళ్లు ఎవరు కలిసినా మొదట అడిగేది ఇదే. నడుస్తున్నది. ఆ మాట వినగానే వాళ్లకు నిమ్మళమవుతుంది, భుజం తట్టి వెళ్లిపోతారు. వాళ్ల ప్రేమ నాకు తెలుసు. కానీ ఈ జబ్బులో నడక ఒక పాలు మాత్రమే. మిగతాదంతా బట్టల చాటున ఉంటుంది. మన ఇండ్లల్లో నలుగురి ముందు మాట్లాడని సంగతి. మాట్లాడకపోవడం వల్ల పిల్లలకు ఎంత నష్టమో ఆసుపత్రి వరండాల్లో చూశాను కాబట్టి రాస్తున్నాను.

మాది మెట్‌పల్లి దగ్గర పల్లె. 2016 దసరాకు కొత్త జిల్లాలు వచ్చి జగిత్యాల జిల్లా అయింది గానీ, ఇక్కడ ఎవరైనా అడిగితే కరీంనగర్ అనే అంటాం. నా భార్యది గోదావరి అవతలి ఒడ్డు, ఖానాపూర్ వైపు. అది పాత ఆదిలాబాద్. ఏటికి ఇటైనా అటైనా బతుకు ఒకటే తీరు. మగవాళ్లు గల్ఫ్‌లో, ఆడవాళ్ల ఒడిలో బీడీల చేట. పాప పుట్టిననాడు నేను ఇక్కడే, కంపెనీ స్టోర్‌లో ఉన్నాను.

పాప నడుము మీద తేడాను మొదట పట్టుకున్నది మా అత్తమ్మ. వాడకట్టులో ఎవరికి కాన్పు అయినా పసిబిడ్డకు నీళ్లు పోయడానికి ఆమెనే పిలుస్తారు. కాళ్లు చాపుకొని, పాపను వాటి మీద బోర్లా వేసుకొని నూనె రాస్తుంటే, నడుము కింద మెత్తటి ఉబ్బు బొటనవేలికి తగిలిందట. దాని మీద సన్నగా నల్లటి వెంట్రుకల కుచ్చు. చూడవచ్చిన వాళ్లు పుట్టుమచ్చేలే అన్నారు, కొందరు అదృష్టం అన్నారు. అత్తమ్మ ఊరుకోలేదు. “అదృష్టమో కాదో డాక్టరమ్మనే చెప్తది” అని కూతుర్నీ మనవరాల్నీ వెంటబెట్టుకొని నిర్మల్ బస్సెక్కింది. మా పాప ఇవాళ తన కాళ్ల మీద తాను నిలబడిందంటే మొదటి దండం ఆ బొటనవేలికే.

పసిపిల్లల వెన్నుపూసలు ఇంకా గట్టిపడవు కాబట్టి మొదటి రెండు మూడు నెలల్లో మామూలు అల్ట్రాసౌండ్‌తోనే లోపలి వెన్నుపాము కనిపిస్తుంది. ఆ తరువాత ఎమ్మారై కావాలి, దానికి పసిబిడ్డకు మత్తు ఇవ్వాలి. మాకు రెండూ అయ్యాయి. పేరు తేలింది: టెథర్డ్ కార్డ్.

నాకు అర్థమైనంత చెప్తాను. తల్లి కడుపులో మూడో నెల దాకా వెన్నుపాము వెన్నెముక పొడవునా ఉంటుంది. అక్కడినుంచి ఎముక తొందరగా పెరుగుతుంది, పాము వెనుకబడుతుంది. అందుకే పుట్టేనాటికి దాని కొస నడుము పూసల్లో మొదటి మూడింటి దగ్గరికి చేరుతుంది, పెద్దవాళ్లలో మొదటి రెండు పూసల నడుమ ఆగుతుంది. ఆ కొసనుంచి సన్నని సాగే దారం ఒకటి తోక ఎముక దాకా ఉంటుంది. ఆ దారం మందమై బిగుసుకున్నా, లేదా మా పాపకు లాగా చర్మం కింది కొవ్వు గడ్డ లోపలికి చొచ్చుకుపోయి పాముకు అతుక్కున్నా, వెన్నుపాము పైకి జరగలేదు. గుంజకు కట్టేసిన లేగదూడ మెడ మీద పలుపు పడ్డట్టే, బిడ్డ పెరిగినకొద్దీ, వంగినకొద్దీ నరాల మీద లాగుడు పడుతుంది. 1976లో కెనడాలోని టొరంటో పిల్లల ఆసుపత్రి సర్జన్ హాఫ్‌మన్ బృందం ఈ జబ్బు లక్షణాలను ఒకచోట పేర్చి చూపింది. 1981లో అమెరికాలో యమాడా అనే సర్జన్, లాగుడు పడ్డ నరకణాలు ఆక్సిజన్‌ను వాడుకోలేక సొమ్మసిల్లుతాయని రుజువు చేశాడు. ఎక్కువకాలం అట్లాగే ఉంటే అవి మళ్లీ లేవవు. తొందర ఎందుకో ఇక్కడే తెలుస్తుంది.

అయినా మాకు వెంటనే ఆపరేషన్ చేయలేదు. లక్షణాలు లేని కొవ్వు గడ్డ రకానికి ముందే కత్తి పెట్టాలా, కనిపెట్టుకొని ఉండాలా అన్నదాని మీద పెద్ద పెద్ద డాక్టర్లే రెండు పక్షాలు. ప్యారిస్ నెకర్ ఆసుపత్రి వాళ్లు 2004లో, అట్లాంటి పిల్లలను జాగ్రత్తగా చూస్తూ ఆగడమే మేలని రాశారు. మొత్తం గడ్డను ముందే తీసేయాలనే సర్జన్లూ ఉన్నారు. తల్లిదండ్రులకు అన్నిటికన్నా కష్టమైన కాలం ఇదే అనిపిస్తుంది నాకు. ఆపరేషన్ నాడు కనీసం చేయడానికి ఒక పని ఉంటుంది. ఈ ఎదురుచూపులో పాప పడుకున్నా, లేచినా, ఉచ్చ పోసినా, జారిపడినా అందులో అర్థం వెతుక్కుంటాం. నేను ఇక్కడ, వాళ్లు అక్కడ. యూఏఈలో వాట్సాప్ మాటలు కలవవు గనక బోటిమ్ యాప్‌లో వీడియో పెట్టించి, “ఒకసారి నడవమను బిడ్డను” అని అడిగేవాణ్ణి. మా ఆమె ఫోన్‌ను నేల మీదికి వంచి పట్టుకునేది. తెరలో రెండు పాదాలే కనిపించేవి.

నాలుగేళ్లు దాటినాక ఆ పాదాల్లోనే తేడా వచ్చింది. ఎడమ చెప్పు బయటి అంచు అరిగిపోతున్నది, నడుస్తుంటే జారిపోతున్నది. పక్క తడపడం మానేసిన పిల్ల మళ్లీ తడపడం మొదలుపెట్టింది. తిట్టవద్దు, భయపెట్టవద్దు, వెంటనే తీసుకురండి అన్నారు డాక్టర్లు. అదే వరుసలో కూర్చున్న ఒక తల్లి, తన కొడుకు పక్క తడుపుతున్నాడని ఏడాదిగా కొడుతూ వచ్చిందట. జబ్బని తెలిసినాక వాణ్ణి ఒళ్లో పెట్టుకొని ఏడుస్తూనే ఉందని మా ఆమె చెప్పింది. పొడిగా ఉండే పిల్ల మళ్లీ తడిపితే, మలబద్ధకం వదలకపోతే, కాళ్లు నొప్పి అని రాత్రిళ్లు ఏడిస్తే, ఒక పాదం చిన్నదవుతుంటే, అది మొండితనం కాదు.

ఆపరేషన్ హైదరాబాద్‌లో, పంజాగుట్ట నిమ్స్‌లో అయింది. 1964లో ఎముకల ఆసుపత్రిగా మొదలైంది గనక మా నాయిన తరం ఇప్పటికీ దాన్ని ఆర్థోపెడిక్ దవాఖాన అనే అంటుంది. ఖర్చు ఆరోగ్యశ్రీ కింద పోయింది. 2007లో మొదలైన ఆ పథకం పరిమితిని 2023 డిసెంబరులో తెలంగాణలో పది లక్షలకు పెంచారు. గల్ఫ్ సంపాదన అంటే జనం ఏమేమో ఊహిస్తారు గానీ, ఆరోగ్యశ్రీ లేకపోతే మేం పొలం అమ్ముకునేవాళ్లం. కంపెనీ మాత్రం ఆ తేదీకి నాకు సెలవు ఇవ్వలేదు; ప్రాజెక్టు అప్పగించే గడువు అన్నారు. గొంతు తగ్గించి అడిగాను, పెంచి అడిగాను. కాలేదు.

అక్కడ పొద్దున ఎనిమిదైతే ఇక్కడ ఆరున్నర. ఆ గంటన్నర తేడాలో నేను డ్యూటీకి పోయే బస్సులో ఉన్నాను. లోపల ఏం జరుగుతుందో సర్జన్ ముందే మా బామ్మర్దికి చెప్పారు, వాడు నాకు చెప్పాడు. మైక్రోస్కోపు కింద పూస వెనుక భాగం తీసి, గడ్డనూ పామునూ విడదీస్తారు. కాళ్ల కండరాల్లో, మలద్వారం దగ్గర సన్నని సూదులు గుచ్చి పెడతారు. కోసేముందు అది కొవ్వా, నరమా అని చిన్న కరెంటుతో తాకి చూస్తారు. కండరం కదిలితే అది నరం, దాన్ని వదిలేస్తారు. చివరగా సర్జన్ అన్నమాట మా బామ్మర్ది యథాతథంగా చెప్పాడు: “ఉన్నదాన్ని నిలబెట్టడానికి చేస్తున్నం. పోయింది ఎంత వస్తదో చెప్పలేం.” సాధారణంగా నొప్పి బాగా తగ్గుతుంది, కాళ్ల బలం కొంత వస్తుంది, మూత్రం మీద పట్టు రావడమే అన్నిటికన్నా కష్టం. మాకూ అట్లాగే అయింది.

మొదటి రోజులు బోర్లానో పక్కకో పడుకోబెట్టే ఉంచారు, లేచి కూర్చోనివ్వలేదు. వెన్నుపాము చుట్టూ ఉండే నీరు కుట్టులోంచి కారకుండా ఉండాలంటే అది తప్పదు. తిప్పాలంటే భుజాలూ తుంటీ ఒక్కసారే తిప్పాలి. ఐదేళ్లు నిండని పిల్ల ఎట్లా ఆగుతుంది? మా అత్తమ్మ మంచం పక్కన నేల మీద కూర్చొని, పాప మొహానికి సరిగ్గా తన మొహం పెట్టి, ముక్కలు చేసిన ఇడ్లీ నోట్లో పెడుతూ, కొమురెల్లి మల్లన్న జాతర నుంచి ఊళ్లో బర్రె ఈనిన ముచ్చట దాకా చెప్తూనే ఉండేది. దూదికట్టు మీద నీళ్లలాంటి తడి కనబడితే వెంటనే చెప్పాలని నర్సు చెప్పింది. మా ఆమె రాత్రంతా టార్చిలైటుతో చూసేది. ఆ ఆడవాళ్లిద్దరి చాకిరీ ఏ డిశ్చార్జి కాగితం మీదా ఉండదు.

వార్డులోనే చుట్టాలు ఒకరు అన్నారట, “గ్రహణం నాడు ఏం కోసినవో గుర్తు తెచ్చుకో” అని. ఆ మాట మా ఆమె చాలా నెలలు లోపల మోసింది. నేను ఇది గట్టిగా చెప్పాలి. కడుపులో బిడ్డ వెన్ను రూపుకట్టే పని మొదటి 28 రోజుల్లో అయిపోతుంది. చాలామంది ఆడవాళ్లకు కడుపుతో ఉన్నామని అప్పటికి తెలియనే తెలియదు. ఆ నాలుగో వారంలో లోపల జరిగిన పొరపాటుకు కత్తిపీటతో, కొడవలితో, గ్రహణంతో ఏ సంబంధమూ లేదు. తల్లి తప్పు అసలే లేదు.

ఆ 28 రోజుల లెక్కలో ఇంకో సంగతి ఉంది. 1991లో బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి ఏడు దేశాల్లో 1,817 మంది స్త్రీల మీద చేసిన పరీక్షలో, వెన్ను లోపంతో ఒక బిడ్డను కన్న తల్లి గర్భానికి ముందునుంచే రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే మళ్లీ అట్లా జరగడం 72 శాతం తగ్గిందని తేలింది. అది వెన్ను తెరుచుకొని పుట్టే రకం మీద చేసిన పరీక్ష. చర్మం కింద దాగిన మా పాప రకానికి అంత తేటగా వర్తించదు. అయినా రెండో కాన్పు ముందు మాకూ ఆ మాత్రే రాశారు. మన దగ్గర ఇంటికి ఫోలిక్ మాత్రలు వచ్చేది గర్భం నమోదైనాక. అప్పటికి ఆ 28 రోజులు దాటిపోయి ఉంటాయి. సెలవు మీద ఇంటికి పోయే మొగుళ్లు బంగారం, సెంటు సీసాలతోపాటు దీన్నీ తలకెక్కించుకోవాలి. టికెట్ తీసుకున్ననాడే భార్యకు ఫోన్ చేసి, డాక్టరును అడిగి మాత్ర మొదలుపెట్టమనాలి.

నాకు సెలవు దొరికి ఇల్లు చేరేసరికి కుట్టు మానింది. అసలు పని అప్పుడు మొదలైంది. మూత్రసంచి పూర్తిగా ఖాళీ కావడం లేదని పరీక్షలో తేలింది. మిగిలిపోయిన మూత్రం ఇన్‌ఫెక్షన్ తెస్తుంది, వెనక్కి పోయి కిడ్నీలను తింటుంది. మందు ఒకటే: నాలుగు గంటలకోసారి సన్నని క్యాథెటర్ గొట్టంతో తీసేయడం. పూర్వం దీనికి ఆసుపత్రి శుభ్రత కావాలనుకునేవారు. 1972లో అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీ డాక్టరు లాపిడెస్, సబ్బుతో కడిగిన చేతులు చాలు, వేళకు ఖాళీ చేయడమే ముఖ్యమని చూపించాడు. ఆయన పుణ్యమా అని లక్షల మంది పిల్లల కిడ్నీలు ఇంట్లోనే కాపాడబడుతున్నాయి.

మా ఆమె దగ్గర కూర్చొని నేనూ నేర్చుకున్నాను. సబ్బుతో మోచేతుల దాకా కడగడం, పాపను వెల్లకిలా పడుకోబెట్టడం, ముందునుంచి వెనక్కి తుడవడం, గొట్టం కొసకు జెల్లీ రాసి మెల్లగా పోనివ్వడం, గిన్నెలో చప్పుడు ఆగినాక ఒక్క క్షణం ఆగి తీయడం. ఆడపిల్లకు తండ్రి చేయడమేంటని మా అవ్వ మొదట మొహం తిప్పుకుంది. “బాపు చేస్తే నొప్పి లేస్తలేదు” అని పాప అన్న తరువాత మరి ఆ మాట రాలేదు. గల్ఫ్‌లో ఉన్న తండ్రి పని డబ్బు పంపడమే అని మాలో చాలామంది నమ్ముతారు. సెలవు మీద వచ్చిన ఆ కొన్ని వారాలు, మా ఆమె మధ్యలో లేవకుండా తెల్లారేదాకా నిద్రపోయిన రాత్రులు నేను చూశాను. ఏ మనియార్డరూ ఆ నిద్ర కొనలేదు.

బడి ఇంకో గండం. మధ్యాహ్నం పన్నెండుకు ఎవరు చేయాలి? నా భార్య బీడీల చేట పక్కన పెట్టి రోజూ బడికి నడిచింది. ప్రధానోపాధ్యాయురాలు టీచర్ల మరుగుదొడ్డి తాళంచెవి ఇచ్చారు, ఎవరికీ కారణం చెప్పలేదు. బడి అన్నాక ఇంకో మాట: అంగన్‌వాడీలకూ సర్కారు బడులకూ రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బండి వస్తుంది. 2013లో మొదలైన ఈ పథకంలో డాక్టర్లు వెతకాల్సిన పుట్టుకతో వచ్చే లోపాల జాబితాలో మొట్టమొదటిది నాడీనాళ లోపమే, అంటే ఈ వెన్ను లోపాల జాతే. వాళ్లు వచ్చిననాడు తల్లులు పిల్లల చొక్కా పైకెత్తి నడుము చూపించాలి. పిర్రల చీలికలో లోతు తక్కువ గుంట చాలామంది పిల్లలకు ఉంటుంది, భయం లేదు. అంతకన్నా పైన గుంట, కుచ్చు, ఎర్రమచ్చ, మెత్తటి ఉబ్బు ఉంటే మాత్రం అడగాలి. అక్కడినుంచి జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్సా కేంద్రానికి చీటీ రాస్తారు.

పాప ఇప్పుడు రెండో తరగతి. ఎడమ కాలికి బూటు లోపల ప్లాస్టిక్ పట్టీ ఉంది, పరుగెత్తుతుంది, ఓడిపోతే ఏడుస్తుంది. కోసిన చోట మచ్చకట్టి వెన్నుపాము మళ్లీ అతుక్కునే ప్రమాదం పొడుగు పెరిగే వయసులో, ముఖ్యంగా పదికీ పద్నాలుగుకూ నడుమ ఎక్కువ. కాబట్టి ఏటేటా పరీక్షలు, మళ్లీ ఆపరేషన్ కావచ్చన్న మాట కూడా ముందే విని ఉన్నాం. ఈ ఎండాకాలం నుంచి అద్దం ముందు కూర్చొని గొట్టం తానే పెట్టుకోవడం నేర్చుకుంటున్నది. నేర్పుతున్నది వాళ్లమ్మ. మూడో తరగతికి వెళ్లేనాటికి మధ్యాహ్నం పన్నెండుకు తాళంచెవి తానే అడిగి తీసుకుంటానంటున్నది.