పెరటి గది గోడలు

ఇంటిలోని ఏ గదికి ఎంత గౌరవం దక్కుతున్నదో దాని గోడలే చెబుతాయి. అతిథులు కూర్చునే గదికి తరచుగా రంగులు పడతాయి. వంటగదికి పండుగ ముందు సున్నం పడుతుంది. పెరటి గది వంతు మాత్రం ఎన్నటికీ రాదు. విరిగిన కుర్చీలు, ఖాళీ డబ్బాలు, ఎవరికీ అక్కరలేని వస్తువులు చేరే చోటు అది. అటువంటి గదిలో కన్నతల్లిని ఉంచవలసి వస్తే సంతానానికి కలిగే సంకోచం ఎంతటిదో పాఠకులు ఊహించగలరు.

ఆ ఆలోచన మాది కాదు, మా అమ్మీదే. మచిలీపట్నంలోని మా ఇంట్లో పడక గదులన్నీ మేడమీద ఉన్నాయి. డెబ్బై దాటిన ఆమెకు ఏళ్లనాటి ఉబ్బసం. మెట్లెక్కితే ఊపిరి అందదు. పెరట్లో వేపచెట్టు నీడన అబ్బా కట్టించుకున్న చెక్క గది ఉన్నది. వెడల్పు పది అడుగులు, పొడవు పన్నెండు. పాత పెంకుటిల్లు విప్పినప్పుడు మిగిలిన టేకు పలకలే దాని గోడలు. అబ్బా దర్జీ. ముప్పై ఏళ్లపాటు ఆ గదిలోనే మిషను తొక్కారు. ఆయన అల్లాహ్ సన్నిధికి చేరి ఎనిమిదేళ్లయింది.

"నన్ను అక్కడ ఉండనివ్వండి బేటా, గాలి తగులుతుంది" అన్నారు అమ్మీ. "తల్లిని పెరట్లోకి నెట్టారని నలుగురూ అనుకోరా?" అని ఆపా కన్నీళ్లు పెట్టుకున్నది. ఇద్దరి మాటా కాదనలేని స్థితి మాది. అందుచేత ఆ గోడల పని మాకు కేవలం అలంకారం కాలేదు. ఇది ఇంటి పెద్ద ఉండే గది అని, లోపల అడుగుపెట్టిన వారికి ఎవరూ చెప్పకుండానే తెలియాలి.

సముద్రపు తేమలో ఏళ్లతరబడి ఉన్న కర్రకు రంగు తగలకపోతే అది నల్లబడుతుంది, నార లేస్తుంది, మూలల్లో చెద చేరుతుంది. కనుక సంక్రాంతి దాటి గాలి పొడిబారిన తరువాతనే పని ఆరంభించాము. అమ్మీని ఆపా ఇంటికి పంపాము. కర్ర పొడి ఉబ్బసానికి శత్రువు. వడ్రంగి ప్రతి పలకనూ ఉలి మొనతో పొడిచి చూశాడు. మెత్తగా దిగబడిన రెండింటిని తీసివేసి కొత్తవి వేశాడు. ఉప్పుగాలికి తుప్పుపట్టిన ఇనుప మేకులను పీకి, వాటి స్థానంలో ఇత్తడి మరలు బిగించాడు. మేకు రంధ్రాలను రంపపు పొట్టు, జిగురు కలిపిన ముద్దతో పూడ్చాడు.

పలకల మధ్యనున్న సన్నని సందులను కూడా లప్పంతో మూసివేయమని మేము కోరగా, అతడు అంగీకరించలేదు. కర్ర పొడవున దాదాపు మారదు గాని అడ్డంగా మాత్రం వానాకాలంలో ఉబ్బుతుంది, వేసవిలో ముడుచుకుంటుంది. సందు మూస్తే ఏదో ఒక పలక చీలక తప్పదు. తుర్కియేలోని కోన్యా నగరంలో, అలాఉద్దీన్ మస్జిదులోని మింబర్ 1155 నాటిది. అందులో చిన్న చిన్న కర్ర పలకలను మేకులు, జిగురు లేకుండా ఒకదాని గాడిలో ఒకటి అమర్చారు. ఆ పనితనాన్ని కుండెకారీ అంటారు. కర్ర కదలడానికి చోటు విడిచిన ఆ శిల్పులూ, మా వడ్రంగీ ఒకే పాఠం నేర్చినవారు.

ఉప్పుకాగితం పట్టవలసిన సమయానికి ఒక చిక్కు వచ్చింది. మిషను ఉండిన చోట, గోడ మీద మూడు పలకల నిండా అబ్బా పెన్సిలు రాతలున్నాయి. ఛాతీ కొలతలు, చేతి పొడవులు, వాటి పక్కన పేర్లు, రావలసిన బాకీలు. పండుగ ముందు బట్టలు కుట్టించుకుని డబ్బు ఇవ్వలేకపోయిన వారివి అవి. తీర్చిన వారి పేరుమీద గీత ఉన్నది, మిగిలినవి అలాగే ఉన్నాయి. ఆ మూడు పలకలను ముట్టుకోకుండా, పైన పారదర్శకమైన పూత వేసి భద్రపరచాలని మేము అందరమూ అనుకున్నాము. తండ్రి చేతిరాతకు మించిన అలంకారం ఏముంటుంది?

అమ్మీ మాత్రం ఫోనులోనే ఖండితంగా చెప్పారు. "ఆ గోడ ముందే చెరిపేయండి. నన్ను చూడవచ్చే వాళ్ల పేర్లే అవి. తమ బాకీ చదువుకుంటూ నా దగ్గర ఎట్లా కూర్చుంటారు? మీ అబ్బా ఏనాడూ అడగలేదు. అడగనిది గోడ ఎందుకు అడగాలి?"

ఆమె మాటకు ఎవరూ ఎదురు చెప్పలేదు. కొలతలున్న పై భాగాన్ని పేర్లు లేనంత మేర, జానెడు వెడల్పున, ఉంచుకోవడానికి ఆమె అనుమతించారు. తక్కినదంతా 80వ నంబరు కాగితంతో మొదలుపెట్టి, 120, 180 కాగితాలతో నార వెంబడి నునుపు చేయించాము. ఆ రాతలు పొడిగా రాలుతుంటే మా కళ్లు చెమర్చిన మాట నిజం.

లోపలి పూతకు వాసన తక్కువగా ఉండే, నీటితో కలిపే పారదర్శక వార్నిష్ ఎంచుకున్నాము. పలుచగా మూడు పూతలు, మధ్యలో సన్నని కాగితంతో రుద్దుడు. బయటి గోడలకు పడవలకు పూసే జీడిపిక్కల పెంకుల నూనె వేయించాము. తలుపు, కిటికీ రెక్కలను ఊడదీసి పెరట్లోనే అవిసె నూనె పట్టించాము. ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడవేయరాదు. ఆరే క్రమంలో వాటిలో వేడి పుట్టి, దానంతట అదే నిప్పు రాజుకోగలదు. విడివిడిగా ఆరుబయట పరచి ఆరబెట్టాలి, లేదా నీటిలో ముంచాలి. పూత ముగిసిన తరువాత రెండు వారాలు గది తెరిచే ఉంచి, వాసన పూర్తిగా పోయిందని నిశ్చయించుకున్న పిమ్మటనే అమ్మీని తీసుకువచ్చాము.

టేకు గోడలు వెలుతురును మింగివేస్తాయి. ముదిమిలో కంటికి వెలుగు ఎక్కువ కావాలి. అందుకని కిటికీకి ఎదురుగా ఉన్న ఒక్క గోడకు మాత్రం తెల్లరంగును నీటితో బాగా పలుచన చేసి, కర్ర గీతలు కనబడేటట్లు వేయించాము. మరొక గోడకు పెడన కలంకారీ గుడ్డ కట్టాము. కరక్కాయ, పాలు కలిపిన నీటిలో నానబెట్టిన బట్టపై, టేకు అచ్చులతో అద్దిన తీగలు, పూలు. నమాజు చేసుకునే గది కనుక బొమ్మలు లేనిదే ఏరుకున్నాము. జపమాల, చేతికర్ర తగిలించుకోవడానికి లక్కపూత మెరిసే ఏటికొప్పాక కొయ్య గుబ్బలు అమర్చాము. ఇంకేవో తగిలించాలని మనవలు తెచ్చిన వాటిని అమ్మీ నవ్వుతూ తిప్పి పంపారు. ఖాళీగా ఉన్న గోడ ముందు ఊపిరి తేలికగా ఆడుతుందట.

గోడకు అందం తెచ్చేది మనం దానిపై చేర్చినది మాత్రమే కాదు, దాని మీదినుంచి తీసివేసినది కూడా అని ఆ గది మాకు నేర్పింది. అస్ర్ తరువాత ఇరుగుపొరుగు స్త్రీలు అమ్మీ దగ్గరకు వచ్చి కూర్చుంటారు. ఆమెను పెరట్లో ఉంచారని ఇంతవరకు ఎవరూ అనలేదు. వారిలో ఒకరిద్దరు ఆ నునుపైన మూడు పలకలకే వీపు ఆనించి, నిశ్చింతగా తాంబూలం నములుతూ కబుర్లు చెబుతారు.