పాలపళ్ళేగా అనకండి

కాసేపు కూర్చోండి, మీ పిల్లల నోళ్ళ గురించి మాట్లాడుకుందాం. దవడపన్ను నల్లబడింది, తీపి తింటే జివ్వుమంటోంది అని పిల్లాడంటే ఇంట్లో ఏమంటారు? "పాలపళ్ళేగా, ఎలాగూ ఊడిపోతాయి." ముందుపళ్ళు ఆరేడేళ్ళకే ఊడతాయి, నిజమే. పాల దవడపళ్ళు మాత్రం 10-12 ఏళ్ళదాకా ఉండాలి. అన్నం నమిలేది వాటితోనే. కింద రాబోయే పన్నుకు చోటు కాచేదీ అవే.

ఇంకో సంగతి చెప్పనా? ఆరో ఏట, ఏ పన్నూ ఊడకుండానే, ఆ వరుసల చివర కొత్త దవడపళ్ళు మొలుస్తాయి. పైన రెండు, కింద రెండు. ఇవి ముసలితనం దాకా ఉండాల్సినవి. ఏదీ ఊడలేదు కాబట్టి వీటినీ పాలపళ్ళనే అనుకుంటాం. మీద లోతైన గాడులు, అంత వెనక్కి బ్రష్ సరిగా వెళ్ళదు, పుచ్చడానికి ఇంకేం కావాలి! ఆ గాడుల్ని సీలంట్ అనే పూతతో మూసేయవచ్చు. సూది అక్కర్లేదు, నొప్పీ ఉండదు. దంతవైద్యుడి దగ్గరికి వెళ్ళినప్పుడు తప్పకుండా అడగండి.

ఇవన్నీ ఎవరు చూసి చెబుతారంటారా? 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది కదండీ. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళదాకా పైసా ఖర్చు లేని పరీక్షలు. ఆ వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడికి ఒకసారి రావాలి. పుచ్చుపళ్ళతో పాటు రక్తహీనత, చెవిలో చీము, చూపు, వినికిడి, గ్రహణంమొర్రి, వంకరపాదాలు, అన్నీ చూస్తారు. గుండె చప్పుడు కూడా వింటారు. మాటిమాటికీ వచ్చే గొంతునొప్పికి సరైన మందు పడకపోతే కొందరు పిల్లల్లో అది కీళ్ళవాతంగా మారి గుండె కవాటాలను దెబ్బతీస్తుంది. పైకి ఆడుతూ పాడుతూ తిరిగే పిల్లలో ఆ తేడా కనిపెట్టేది స్టెతస్కోపే.

అయితే బడిలో జరిగేది చూడటం వరకే. పన్ను పూడ్చాలన్నా, గుండెకు స్కానింగ్ తీయాలన్నా పెద్దాసుపత్రికి వెళ్ళాలి. అందుకే చీటీ రాసిస్తారు. నాకు దిగులు ఆ చీటీ గురించే. నొప్పి లేదుగా, సంక్రాంతి సెలవుల్లో చూద్దాం అని పక్కన పెట్టేస్తాం. కూలి పోతుందన్న భయం కూడా ఉంటుంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేను. కానీ పుచ్చు నరందాకా పోయాకే అసలు నొప్పి పుడుతుంది. అప్పటికి చిన్న పూడికతో పోయేది పన్ను పీకేదాకా వస్తుంది.

ఈ వైద్య పరీక్షలున్న రోజు బడి మాన్పించకండి. రాత్రుళ్ళు ఆయాసం, ఎప్పుడైనా ఫిట్స్, ఆటలో త్వరగా అలసిపోవడం, ఇలాంటివి ఏవున్నా ఒక కాగితం మీద రాసి టీచరమ్మకు పంపండి. ఒక్కో పిల్లాడికి దొరికేది కొద్ది నిమిషాలే, డాక్టరుకు మీ మాట ఎంతో సాయం. సాయంత్రం ఇంటికి రాగానే ఏమైనా చీటీ ఇచ్చారా అని అడగండి. ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే మీ ఊరి ఆశా కార్యకర్తకు చూపించండి.